ముందు నువ్వు పో

ధర్మవరం పట్టు వ్యాపారి వెంకటేశులు చనిపోయిన మర్నాడు, అతని పేరు మీద సింగపూర్ విమానానికి టికెట్ బుక్ అయింది.

శవం వజ్రకరూరు దగ్గర, పాడుబడిన తవ్వకం గుంతలో దొరికింది. ఒంటి మీద గాయం లేదు. మెడ వెనక దోమ కుట్టినంత మచ్చ మాత్రం ఉంది. చేతి ఉంగరాలు చేతికే ఉన్నాయి. పర్సు, ఫోను ఉన్నాయి. పాస్‌పోర్ట్ ఒక్కటే లేదు.

"పాపం, ఇంట్లోవాళ్ళకు కూడా ఇంకా చెప్పలేదు," అంది సుజాత. "చెబితే శవం దొరికిందని హంతకులకు తెలిసిపోతుంది."

గుత్తి కోట కింద మూతపడిన శెనక్కాయల నూనె మిల్లు అది. బయటి బోర్డు మిల్లుదే. లోపల పనిచేసేది మాత్రం కౌంటర్ ఇంటెలిజెన్స్ దక్షిణ విభాగం. సుజాత దాని చీఫ్. ఎదురుగా కూర్చున్నవాడు ఓబిలేష్. సొంతూరు కుందుర్పి, కోడ్‌నేమ్ 'కొర్ర'. ఆ విభాగంలో ఏజెంట్లందరికీ చిరుధాన్యాల పేర్లే.

"ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్ గురించి తెలుసా?"

"విన్నా మేడం. వాళ్ళకు క్యూ ఉండదంట."

"ముందుగా దరఖాస్తు పెట్టుకుంటారు. పోలీసు విచారణ అవుతుంది. వేలిముద్రలు, ముఖం సర్వర్‌లో ఎక్కుతాయి. ఇక ఎప్పుడు విదేశం వెళ్ళినా ఈ-గేట్ దగ్గర పాస్‌పోర్ట్ చూపించి, వేలు పెట్టి, కెమెరా వైపు చూస్తే చాలు. గేటు తెరుచుకుంటుంది. నువ్వెవరు, ఎందుకు పోతున్నావు అని అడిగే ఆఫీసర్ ఉండడు."

"సెక్యూరిటీ చెక్కో?"

"అది అందరికీ ఒకటే. ఎంత నమ్మకస్థుడైనా బెల్టు తీసి ట్రేలో వెయ్యాల్సిందే. కానీ అక్కడ వెతికేది కత్తినీ బాంబునీ. ఇప్పుడు దాటించబోతున్నది మనిషిని."

ఆమె ఒక ఫోటో ముందుకు తోసింది. కళ్ళజోడు, పలచటి జుట్టు. తిప్పేష్, రాడార్ ఇంజనీర్. దేశం సరిహద్దుల్లో మన రాడార్లు ఎక్కడెక్కడ చూడలేవో తెలిసిన అతి కొద్దిమందిలో ఒకడు. పరాయి దేశానికి అమ్ముడుపోయి మాయమయ్యాడు. అన్ని విమానాశ్రయాల్లోనూ అతని పేరు మీద లుకౌట్ నోటీసు ఉంది.

"నోటీసు తిప్పేష్ పేరు మీద. వెంకటేశులు పేరు మీద ఏ నోటీసూ లేదు. సర్వర్‌లో వెంకటేశులు రికార్డు తెరిచి, లోపల ముఖం మార్చేసి, వేలిముద్రలు మార్చేస్తే?"

ఓబిలేష్‌కు అర్థమైంది. అడగకూడదనుకున్న ప్రశ్నే చివరికి అడిగాడు.

"ఆ పని చేసింది సునందేనా?"

"ఆమె కూర్చున్న ఆఫీసులోనే జరిగింది."

పెన్నా అంతర్జాతీయ విమానాశ్రయంలో ప్రయాణికుల వివరాలు నమోదు చేసే కాంట్రాక్టు సేతు ఐడెంటిటీ సర్వీసెస్‌ది. దాని యజమాని అడ్రియన్ విదేశీయుడు. పైకి వ్యాపారి, లోపల తిప్పేష్‌ను కొన్న గూఢచారి ముఠాకు ఇక్కడి పెద్ద. సునంద అతని మేనేజరు. అతనికి కాబోయే భార్యనని అందరికీ చెప్పుకుంటుంది. అదంతా విభాగం ఇచ్చిన వేషం. నిజానికి ఆమె ఏజెంట్ 'ఆరిక', ఓబిలేష్ భార్య. మిషన్ కోసం కాగితాల మీద విడాకులు కూడా పుట్టించారు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజు ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత నవ్వు ఆమె ఒక్కదానికే మిగిలింది. ఆమె జాకెట్ గుండీలో ఉన్న మైకు, ఓబిలేష్ చెవిలో ఉన్న ఇయర్‌పీసు. నెలల తరబడి ఆ నవ్వు వింటున్నాడు. అడ్రియన్ ఏదో అంటాడు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు డ్యూటీదా, సొంతమా? ఓబిలేష్ దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుని విన్నాడు. ఎన్నిసార్లు విన్నా తేల్చుకోలేకపోయాడు. గత వారం నుంచి ఆ గుండీ కూడా మూగబోయింది.

"ఆ పేరునే ఆపేస్తే పోలేదా?"

"సర్వర్‌లో మనం ఏ పేరు ముట్టుకున్నా అడ్రియన్ ఫోన్ మోగుతుంది. తిప్పేష్‌ను మాయం చేసి, వాడూ మాయమవుతాడు. అందుకే గేటు దగ్గరే పట్టుకోవాలి." సుజాత ఫోటో వెనక్కి తీసుకుంది. "ఓబిలేష్, సునంద మారిపోయి ఉంటే ఆమెనూ పట్టుకోవాలి. నీ వల్ల అవుతుందా?"

"అవుతుంది మేడం."

ఆ మాట అంత తొందరగా వచ్చినందుకు అతనికే భయమేసింది.

*

తొలకరి వాన పడితే వజ్రకరూరు చేలల్లో తిరునాళ్ళే. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, ఎర్రమట్టిలో తలలు వంచి రాళ్ళు వెతుకుతుంటారు. గట్ల మీద గొడుగులేసుకుని వ్యాపారులు. ఆ పొద్దున ఒక గొడుగు కింద, నుదుట విభూతి, మెడలో మఫ్లర్, కంటికి భూతద్దంతో ఓబిలేష్ కూర్చున్నాడు. భూతద్దంలో కెమెరా ఉంది.

వజ్రం కొనడానికి కాబోయే దంపతులు వస్తారని కబురు. తెల్లకారు గట్టు పక్కన ఆగింది. ముందు అడ్రియన్ దిగాడు. పొడుగ్గా, ఎండకు కందిన ముఖంతో, మడత నలగని లినెన్ చొక్కాతో ఉన్నాడు. అవతలి వైపుకు వెళ్ళి తలుపు తీసి చెయ్యి అందించాడు. సునంద ఆ చెయ్యి పట్టుకునే దిగింది. నెమలికంఠం రంగు ధర్మవరం పట్టుచీర, నల్లకళ్ళద్దాలు.

తన మోపెడ్ మీంచి దిగేటప్పుడు ఏనాడైనా చెయ్యి అడిగిందా అని గుర్తు తెచ్చుకోబోయాడు ఓబిలేష్. మోపెడ్‌కు తలుపే లేదని గుర్తొచ్చింది.

"ఏమప్పా, మంచి రాయి ఏమన్నా ఉండాదా?" అన్నాడు అడ్రియన్.

సీమ యాస. అక్షరం పొల్లుపోలేదు. పక్క గొడుగు వ్యాపారి మురిసిపోయి నవ్వాడు. ఓబిలేష్ నవ్వలేదు.

"ఉండాయి సార్. దుడ్లు తెచ్చినారా?"

"దుడ్లకేమి, చూపియ్యి."

ఓబిలేష్ గుడ్డ విప్పాడు. సునంద రాళ్ళ మీదికి వంగింది. అదే కొబ్బరినూనె వాసన, దాని మీద ఏదో కొత్త అత్తరు. ఇంతలో అడ్రియన్ ఫోన్ మోగింది. పక్కకు పోతూ ఆమె భుజం తట్టి, "రొంత తాళు సామీ," అన్నాడు.

అది సునంద మాట. అన్నానికి తొందరపెడితే వంటింట్లోంచి తనతో అనే మాట. తనతో మాత్రమే అంటుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

"గుండీ పాడయింది," అంది ఆమె పెదవులు కదలకుండా, రాయి ఎత్తి వెలుగుకు పెడుతూ. "చెప్పేది విను. రేపు నీ సొంత పాస్‌పోర్ట్ తెచ్చుకో. వేషం వద్దు, దొంగపేరు వద్దు. ఈ-గేట్ల కాడికి పోవద్దు. మామూలు లైన్లో నిలబడు."

ఆమె చేతిలోంచి చిన్న కాగితపు మడత గుడ్డ కిందికి జారింది.

"ఏమిటికి?"

"వాడు అడిగిండేది..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. అడ్రియన్ వెనక్కి వస్తున్నాడు. రాయిని గుడ్డ మీద పడేసి, గొంతు పెంచి, "ఈ రాయి వద్దులే. ముందు నువ్వు పో," అంది.

"పాపం, ఆయన యాడికి పోతాడు? ఆయన అంగడే ఇది," అన్నాడు అడ్రియన్. ఆమె నవ్వింది. రికార్డుల్లో విన్న ఆ నవ్వే.

కారు వెళ్ళిపోయాక ఓబిలేష్ మడత విప్పాడు. అది అతని సొంత పేరు మీద కువైట్‌కు టికెట్. వన్‌వే.

మధ్యాహ్నం మిల్లులో సుజాత ఆ టికెట్‌ను తిప్పి తిప్పి చూసింది.

"నిన్ను గేటు దగ్గర లేకుండా చేస్తోంది. దేశంలోనే లేకుండా చేయాలని చూస్తోంది."

"నాకూ అట్లే అనిపించింది మేడం."

"నీ స్థానం ఈ-గేట్ దగ్గరే. మార్పు లేదు."

తలూపాడు. ఇంటికి వెళ్ళి సొంత పాస్‌పోర్ట్ తీశాడు. చెక్-ఇన్ కూడా చేశాడు. ఎందుకు చేశాడంటే ఏం చెప్పేవాడో! ఆమె తనను వెళ్ళగొట్టడానికి కొన్న సీటు కిటికీ పక్కదో కాదో చూద్దామనేమో. కిటికీ పక్కదే. అది చూసి ఇంకా మండింది.

*

పెన్నా విమానాశ్రయం గుత్తికీ వజ్రకరూరుకీ మధ్య, ఒకప్పటి శెనక్కాయ చేలల్లో కట్టింది. ఇమ్మిగ్రేషన్ హాలు రెండు ముక్కలు. ఎడమ వైపు మామూలు లైన్. కువైట్‌కు పనికి పోయే ఆడవాళ్ళు, మేస్త్రీలు, డ్రైవర్లు. మామిడికాయ ఊరగాయ చేతిసంచిలో తీసుకుపోకూడదన్న రూలు కొందరికి ఇప్పుడే తెలిసింది. ఒకామె దిగులుగా ఖాళీ సంచి మడుస్తోంది. కుడి వైపు గాజుగోడల కారిడార్. అది నమోదైన ప్రయాణికులకు మాత్రమే. దాని మొదట్లో ఒక తెర, చివర రెండు ఈ-గేట్లు. గేటుకు ముందొక తలుపు, వెనకొక తలుపు. కారిడార్ పక్కనే సేతు సంస్థ డెస్కు. అక్కడ నిన్నటి నెమలికంఠం చీరలోనే సునంద, పక్కనే ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి వేసి అడ్రియన్.

ఓబిలేష్ గాజుగోడకు ఇవతల సూట్‌కేస్‌తో నిలబడ్డాడు. చెవిలో సుజాత గొంతు.

"వెంకటేశులు పేరు చెక్-ఇన్ అయింది. లోపలికి వస్తోంది."

కారిడార్ తెర మీద అక్షరాలు వెలిగాయి: స్వాగతం, వెంకటేశులు గారూ. మాస్కు, టోపీ పెట్టుకున్న మనిషి మొదటి గేటు వైపు నడిచాడు. పాస్‌పోర్ట్ చూపించాడు. వేలు పెట్టాడు. మాస్కు దించి కెమెరా వైపు చూశాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"గో!"

నలుగురు ఏజెంట్లు మీద పడ్డారు. టోపీ ఎగిరిపోయింది. ఆ మనిషి లబోదిబోమన్నాడు.

"అన్నా, అన్నా! నాకేం తెలీదన్నా! సినిమా షూటింగ్ అన్నారన్నా!"

"వీడు తిప్పేష్ కాదు," అన్నాడు ఒక ఏజెంటు. మొదటి గేటు దగ్గర గుంపు చేరింది. అతన్ని పక్క గదికి లాక్కెళ్ళారు. వాళ్ళ వెనకే గది తలుపు మూసుకుంది.

ఉత్తవాడిని ముందుకు తోసి మన కళ్ళన్నీ అటు తిప్పారు. మరి అసలువాడు? ఓబిలేష్ వెనక్కి తిరిగాడు. కారిడార్ తెర మీద కొత్త అక్షరాలు వెలుగుతున్నాయి.

స్వాగతం, ఓబిలేష్ గారూ.

దాని కింద నుంచి గడ్డం పెంచిన ఒక పలచజుట్టు మనిషి నడిచి వస్తున్నాడు. కళ్ళజోడు లేదు. అయినా తిప్పేషే.

తన పేరు. సునంద తన పేరు ఎత్తి వీడికి ఇచ్చింది. సర్వర్‌లో తన పేరు మీద వీడి ముఖం, వీడి చేతిలో తన నంబరుతోనే దొంగ పాస్‌పోర్ట్. ఇంట్లో మాట ఒకడికి ఇచ్చింది, పేరు ఇంకొకడికి ఇచ్చింది, ఇంకేం మిగిల్చింది? డెస్కు వైపు చూశాడు. అడ్రియన్ ఆమెను వెనక నుంచి దగ్గరికి పొదువుకుని నిలబడి ఉన్నాడు. నలుగురి ముందర, సిగ్గులేకుండా.

ముందు ఆ కౌగిలే కనిపించింది. పెన్ను తర్వాత కనిపించింది.

అడ్రియన్ చేతిలోని వెండిపెన్ను మొన ఆమె మెడ వెనక ఆనించి ఉంది. వంద మిల్లీలీటర్ల లోపు ద్రవమైతే ఏ సెక్యూరిటీ వాళ్ళూ ఆపరు. వెంకటేశులుకు అందులోని విషం ఒక్క చుక్క సరిపోయింది. లోపల మనుషులు మోహరించి ఉన్నారంటే లీకు ఎక్కడిదో అడ్రియన్‌కు తెలిసిపోయింది. అరిస్తే ఆమె చస్తుంది. గాజు పగలగొట్టే లోపు తిప్పేష్ గేటు దాటుతాడు. దాటితే అవతల విదేశీ విమానం సిద్ధంగా ఉంది.

సునంద తిప్పేష్ వైపు చూడటం లేదు. ఓబిలేష్ వైపు చూసింది. ఆ కళ్ళు మెల్లగా ఎడమకు, మామూలు లైన్ చివరున్న కౌంటర్ వైపు తిరిగాయి.

*ముందు నువ్వు పో.*

అప్పుడు వెలిగింది. ఒక పాస్‌పోర్ట్ మీద దేశం దాటిన మనిషి, తిరిగి రాకుండా మళ్ళీ దాటలేడు. ముందు ఎవడు దాటితే వాడే ఓబిలేష్. రెండోవాడికి గేటు తెరుచుకోదు.

సూట్‌కేస్ వదిలేసి పరిగెత్తాడు. ఎదురుగా పాములా మెలికలు తిరిగిన లైను. కుడివైపు మిగిలిన ఒక్క గేటులో, తిప్పేష్ కంటే ముందు, ధర్మవరం నుంచి ఎగ్జిబిషన్‌కు పోతున్న ముసలి నేతగాడు నిలబడి ఉన్నాడు. జీవితమంతా పట్టు దారం ఒరుసుకుని అరిగిన వేళ్ళు. మిషన్‌కు ముద్ర అందడం లేదు. "మళ్ళీ ప్రయత్నించండి," అంటోంది. ఆయన వేలు పంచెకు తుడుచుకుని మళ్ళీ పెడుతున్నాడు.

"అక్కా, రొంత దావ ఇయ్యండక్కా," అన్నాడు ఓబిలేష్.

ఖాళీ ఊరగాయ సంచి మడుస్తున్న ఆవిడ అడ్డంగా నిలబడింది. మెడలో వేలాడే కార్డు మీద పేరు సుంకమ్మ.

"మేమంతా తెల్లారకముందే వచ్చి నిలబడుకున్యాము. నీకేమప్పా అంత అర్జెంటు?"

ఏజెంట్లకు నేర్పిన అబద్ధాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"నా పెండ్లాం ఇంకొకని చేతిలో ఉండాదక్కా. అదిగో, ఆ గాజు పక్కన. నేను ముందు పోకపోతే ఇంక దొరకదు నాకు."

సుంకమ్మ గాజు వైపు చూసింది. తెల్లదొర, నెమలికంఠం చీర, కౌగిలి. ఓబిలేష్ ముఖం చూసింది. అంత అసూయ ఎవరూ నటించలేరు.

"ఓ యమ్మలారా, జరగండి! ఈ యప్ప కాపురం పోతాండాది!"

లైను రెండుగా చీలింది. మేస్త్రీలు వెనక్కి ఒదిగారు. ఎవరో వీపు మీద తట్టి ముందుకు తోశారు. "బిన్నా పో అన్నా, వదలొద్దు."

కౌంటర్‌లో ఆఫీసర్ కృపాకుమారి పాస్‌పోర్ట్ అందుకుంది.

"ఏ పని మీద పోతాండారు?"

"భార్య కోసం."

"కువైట్‌లో ఉండాదా ఆమె?"

"లేదు మేడం. ఈడనే ఉండాది. మీరు స్టాంపు కొడితే చెప్తా."

కృపాకుమారి అనుమానంగా పేజీలు తిప్పింది. ముఖంతో ఫోటో పోల్చింది. కుడివైపు ముసలాయన వేలి మీద తడి చేసుకుని మళ్ళీ పెట్టాడు. ఆకుపచ్చ దీపం. ఆయన దాటాడు. తిప్పేష్ లోపలికి అడుగుపెట్టాడు. వెనక తలుపు మూసుకుంది. పాస్‌పోర్ట్ చూపించి వేలు పెట్టాడు.

"వరసలో వెనకవాళ్ళు ఏమీ అనడం లేదే," అంది కృపాకుమారి ఆశ్చర్యంగా.

"కొట్టమ్మా, వాని కాపురం!" అని వెనక నుంచి సుంకమ్మ కేక.

స్టాంపు దబ్బున పడింది. కృపాకుమారి ఎంటర్ నొక్కింది.

తిప్పేష్ తల ఎత్తి కెమెరా వైపు చూశాడు. దీపం ఎర్రబడింది. ఆడగొంతు ప్రశాంతంగా హాలంతా వినిపించేలా చెప్పింది: "ఈ ప్రయాణికుడు ఇప్పటికే దేశం దాటారు."

ముందు తలుపు తెరుచుకోలేదు. వెనక తలుపు కూడా తెరుచుకోలేదు. రెండు గాజుల మధ్య రాడార్ ఇంజనీర్ బోనులో ఎలుకలా గిరగిరా తిరిగాడు.

అడ్రియన్ చూపు ఒక్క క్షణం అటు మళ్ళింది. సునందకు ఆ క్షణం చాలు. తల పక్కకు వంచి, అతని మణికట్టు పట్టి డెస్కు మీద ఉన్న వేలిముద్రల యంత్రం అంచుకు బలంగా కొట్టింది. పెన్ను కింద పడి దొర్లింది. దాన్ని చెప్పుతో దూరంగా తన్నింది. భద్రతా సిబ్బంది వచ్చి పడేసరికి, కాబోయే భర్త చెయ్యి విరిచి వీపుకు ఆనించి పట్టుకుని ఉంది.

"రొంత తాళు, సునందా," అన్నాడు అడ్రియన్ నొప్పితో.

"నోరు మూసుకో," అంది.

నెలల తర్వాత ఓబిలేష్ చెవులకు కమ్మగా తగిలిన మొదటి మాట అది.

*

సాయంత్రానికి అడ్రియన్, తిప్పేష్ వేర్వేరు బండ్లలో వెళ్ళిపోయారు. వెంకటేశులు ఇంటికి కబురు చెప్పడానికి సుజాత స్వయంగా ధర్మవరం బయల్దేరింది. వెళ్ళేముందు సునంద ముందు నిలబడి, "నిన్ను అనుమానించాను," అని ఒక్క మాట అంది. సునంద తలూపింది.

ఓబిలేష్ ఆ మాట కూడా అనలేకపోయాడు. ఖాళీ అయిన హాల్లో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

"ఊర్లో ఇన్ని పేర్లుండంగా నా పేరే దొరికిందా నీకు?" అన్నాడు.

"చివరి దినం వాడు ఇంకో పేరు కావాలన్నాడు. మచ్చ లేనోడు, గట్టి నమ్మకస్థుడు కావాలన్నాడు." ఆమె గాజులు సర్దుకుంది. "నాకు తెలిసినోడు ఒకడే."

కానీ అసూయ అంత తొందరగా చచ్చే జబ్బు కాదు.

"మరి 'రొంత తాళు సామీ' అని వానికి ఎందుకు నేర్పిచ్చినావు?"

"నేనేడ నేర్పిస్తి? ఆఫీసులో కంప్యూటర్ నిదానమైతే దాన్ని అనేదాన్ని. విని పట్టుకున్యాడు."

"కంప్యూటర్‌ను సామీ అంటివా?"

సునంద అతని వైపు తిరిగి నవ్వింది. ఈసారి ఆ నవ్వు ఎవరి కోసమో రికార్డు వేసుకుని వినాల్సిన పని లేదు.

లేచి బయటి తలుపు వైపు నడవబోతే కృపాకుమారి ఆపింది.

"మీరట్ల పోయేదానికి లేదు సార్. సిస్టంలో మీరు దేశం దాటినారు. ఆ ఎంట్రీ కొట్టేద్దామంటే సర్వర్‌ను సాక్ష్యం కింద సీలు చేసినారు. అరైవల్స్ నుంచి చుట్టూ రావల్ల."

"యా దేశం నుంచి వస్తాండానని చెప్పల్ల?"

"అది మీరే చూసుకోండి."

చుట్టూ తిరిగి, అరైవల్స్ హాలు దాటి, చివరికి కస్టమ్స్ బల్ల దగ్గరికి వచ్చారు. అక్కడి ఆఫీసర్ జాకబ్‌కు లోపల జరిగిందేమీ తెలియదు. సామాను లేని ప్రయాణికుణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఫారిన్ నుంచి ఏమన్నా తెచ్చినారా సార్? డిక్లేర్ చేసేది ఏమన్నా ఉండాదా?"

ఓబిలేష్ పక్కనున్న నెమలికంఠం చీరను చూపించాడు. "భార్యను."

జాకబ్ పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. సునంద ముందుకు నడుస్తూ అంది.

"పాత సరుకేలే అన్నా. డ్యూటీ పడదు."